మళ్ళీ అనండి అక్కయ్యా

ఆ చర్చి సంఘంలో ఎవరి నోట్లో పెట్టుడు పళ్ళున్నా అవి ఒక్కడి చేతి పనే. ఆయన అసలు పేరు పాస్టరుగారి రిజిస్టరులో ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, పిల్లా పెద్దా అందరికీ ఆయన పళ్ళ మామయ్య. మార్కెట్టు వెనక మేడ మీద చిన్న గది, కిటికీ పక్కన బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, గులాబీ రంగు మైనం, వరసగా పేర్చిన దవడల అచ్చులు. సంఘంలోని ముసలివాళ్ళకి ఆయన పళ్ళసెట్లు ఊరికే చేసిపెట్టేవాడు. "ప్రేమంటే మామయ్యదే" అనేవారందరూ. ఆ మాట చెవిన పడితే ఆయనకి లోపల కాస్త తియ్యగానే ఉండేది. మనిషే కదా, పాపం.

పెద్దక్క అని అందరూ పిలిచే ముసలావిడ ఒక్కతీ అలా అనేది కాదు. అసలు ఆయనతో మాట్లాడేదే కాదు. పదకొండేళ్ళ కిందటి వరకు ఆదివారం పాట ఎత్తేది ఆవిడే. ఒకనాడు సంఘమంతా కూర్చున్న మీటింగులో ఈయన లేచి, "అక్కయ్య గొంతు బొంగురుపోయిందండీ, ఇక చిన్నవాళ్ళకిద్దాం" అన్నాడు. ఆ చిన్నవాళ్ళలో ముందు నిలబడింది ఈయన కూతురే. పెద్దక్క వాదించలేదు. వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది, మళ్ళీ పాటకి పెదవి కదపలేదు. ఈమధ్య పళ్ళన్నీ ఊడిపోయాక, బోసినోరు నలుగురికీ చూపించలేక చర్చికి రావడమే మానేసింది.

పెద్దక్క కోడలు బతిమాలి బామాలి ఆవిణ్ణి ఆ గదికి తీసుకొచ్చింది. అచ్చులు తీసేదాకా ఇబ్బంది లేదు, నోరు తెరిస్తే చాలు. చిక్కంతా తర్వాత వచ్చింది. మైనంలో పళ్ళు గుచ్చి నోట్లో పెట్టాక మనిషి మాట్లాడాలి. "స", "వ" పలికితే గానీ ముందుపళ్ళు కుదిరాయో లేదో తెలియదు. పెద్దక్క నోటికి తాళం వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

"మీరు మాట్లాడకపోతే ఇవి కుదరవట అత్తయ్యా" అంది కోడలు. ఊహూఁ.

"పోనీ నన్ను తిట్టండి అక్కయ్యా. పదకొండేళ్ళవి దాచి ఉంచారుగా" అన్నాడాయన. కోడలు కిసుక్కున నవ్వింది.

పెద్దక్క ఇటు తిరిగింది. "నీది స్వార్థం" అంది. "స" దగ్గర ఈల వచ్చింది.

ఆయన సెట్టు తీసి, మైనం కాస్త వేడి చేసి, ఒక పన్ను లోపలికి నొక్కాడు. "మళ్ళీ అనండి అక్కయ్యా."

"స్వార్థం."

ఈసారి "వ" తేలిపోయింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ గీకాడు. తిట్టు తనకని మర్చిపోయి పళ్ళకేసే చూస్తున్నాడు. అయిదోసారికి మాట కడిగినట్టు స్పష్టంగా వచ్చింది. అప్పటిదాకా చప్పుడుగా ఉన్నది అప్పుడు మాటయి తగిలింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కటి చెప్పు" అంది పెద్దక్క. "అప్పట్లో నా గొంతు నిజంగా అంత పాడైపోయిందట్రా? ఎన్నాళ్ళు అందరిముందూ అలా పాడి నవ్వులపాలయ్యానో అని సిగ్గేసి, ఇంట్లో కూడా పాడలేదు. మనవరాలికి జోలపాటైనా పాడలేదు."

ఇన్నాళ్ళూ ఆవిడది కోపమనే అనుకున్నాడు ఆయన. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆ తర్వాత చెప్పేశాడు. "లేదక్కా. గొంతు బంగారంలా ఉండేది. నా కూతుర్ని ముందు నిలబెట్టాలని అబద్ధం చెప్పాను."

"ఈ గదిలో చెబితే ఏం లాభం? అన్నది అందరిముందూ కదా" అందావిడ.

పళ్ళసెట్టు పూర్తయిన ఆదివారం పెద్దక్క మళ్ళీ చర్చికొచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయన లేచాడు. మామయ్య ఏదో మంచి కబురు చెబుతాడని అందరూ నవ్వుముఖాలతో చూశారు. ముందు వరసలో కూతురు కూర్చుంది. తనకున్నదల్లా మంచివాడన్న పేరే, దాన్ని తన నోటితోనే చెరుపుకోవాలి. అయినా ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. కూతురు తల వంచుకుంది. వెనక గుసగుసలు మొదలయ్యాయి. పాస్టరుగారు ఏం చెయ్యాలో తోచక కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఇంక చాలు, కూర్చో తమ్ముడూ. పాటకి వేళయింది" అంది పెద్దక్క వెనక బెంచీ నుంచి. లేచి నిలబడి పాట ఎత్తింది.

ప్రతి "స" శుభ్రంగా పలికింది. కానీ పదకొండేళ్ళు వాడని ఆ గొంతు ఇప్పుడు నిజంగానే బొంగురుపోయింది. ఆ సంగతి అందరికంటే ముందు పట్టుకున్నది పళ్ళ మామయ్యే. రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చరణం దగ్గర ఆవిడకి ఊపిరి చాలకపోతే ఆయన కూతురు కూర్చున్నచోటు నుంచే మెల్లగా గొంతు కలిపింది. పెద్దక్క ఆ పిల్లకేసి చూసి తల ఊపి, పల్లవి మళ్ళీ ఎత్తుకుంది.