చాంద్‌బీ మంచినీళ్ళు

సెల్‌ఫోన్లు రాని రోజుల్లో దర్శి బస్టాండు పక్కన చాంద్‌బీ ఎస్టీడీ బూత్ నడిపేది. లోపల ఎవరైనా ఎంతకీ వదలకుండా మాట్లాడుతుంటే అద్దం మీద కొట్టేది కాదు, గ్లాసుతో మంచినీళ్ళు అందించేది. అవి తాగి ఫోన్ పెట్టెయ్యాలని ఊరందరికీ తెలుసు.

ఆ రోజు పూజారి శేషాచలం గారు బయటికి రాలేదు.

"లోపలే కాపురం పెట్టారా ఏంది?" మిరపకాయల వ్యాపారి ఒకడు అరిచాడు.

చాంద్‌బీ తలుపు తీసింది. "గొంతు ఆరిపోయుంటది, కాస్త తాగండి పంతులుగారూ."

ఆయన రిసీవరు చెవికి ఆనించుకునే ఉన్నారు. మీటరు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

"మా తమ్ముడు పోయాడటమ్మా. ఇది పెట్టేస్తే నిజమైపోతుంది."

గ్లాసు కొంగుచాటున దాచేసుకుని, తలుపు మూసి, క్యూకి అడ్డంగా నిలబడింది.