పొగగొట్టంలోంచి వచ్చిన గొంతు

ఎన్నో ఏళ్లుగా నేనొక బంగ్లాను మోస్తున్నాను. రాతి గోడలు, టేకు తలుపులు, పొగగొట్టంతో సహా. ఎవరి ముందూ దించుకోలేదు. ఈ రోజు మీ ముందు దించుతున్నాను.

కోయిలకుంట్ల దాటాక రోడ్డు పక్కన ఉండేది ఆ దొర బంగ్లా. ఇంగ్లండు పల్లెలో తన ఇల్లు ఎలా ఉందో అలాగే కావాలని ఎవరో దొర కట్టించుకున్నాడట, చలి కాచుకునే పొయ్యితో సహా. గోడ మీద గుడ్డు పగలగొడితే అట్టయ్యే మా ఎండలకు చలిపొయ్యి! చూసి నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. నేను దానికొక దయ్యాన్ని తగిలించాను. దొరసాని దయ్యం. మొదట ఊరికే వరండాలో తిరిగేది. నేను చెప్పేకొద్దీ ఎత్తు పెరిగింది, జుట్టు పెరిగింది, చివరికి ఆ పొయ్యిలో కూర్చుని నీళ్ల కోసం ఏడవడం కూడా నేర్చుకుంది. కడప నుంచి కూడా జనం వచ్చి, రోడ్డు మీద నుంచే చూసి పోయేవాళ్లు. గేటు లోపల మాత్రం ఎవరూ అడుగు పెట్టేవాళ్లు కాదు.

లోపల యేసన్న ఉండేవాడు. బంగ్లా కాపలాదారు, ఒంటరి మనిషి. "నీ దొరసాని పుణ్యాన నాతో మాట్లాడే నాథుడే ల్యాకపాయె గదప్పా" అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

ఒక వేసవి మధ్యాహ్నం ఎదురుగా టీ అంగడిలో కూర్చున్నాం. బంగ్లా పొగగొట్టంలోంచి వచ్చినట్టు ఒక కేక. సన్నగా, సాగుతూ. కాసేపాగి మళ్లీ.

"ఏమప్పా, నీ దొరసాని పట్టపగలే మొదలుపెట్టిండాదే!" అన్నాడు అంగడి మాబు.

"దప్పికైంటాదిలే. మన ఎండలు ఆయమ్మ తట్టుకుంటాదా?" అన్నాను.

"ఓ అప్పా, ఓ అప్పా అంటాండాది. దొరసానికి మన మాట ఎట్లొచ్చె?"

"ఇన్నేండ్లు ఈడుండి నేర్చుకోకపోతే ఎట్లప్పా!"

అంగడంతా భయపడుతూనే నవ్వింది. అంత గొప్ప నవ్వు నాకు మళ్లీ దొరకలేదు. కేక ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

మరునాడు ఆదివారం. యేసన్న చర్చికి రాలేదని పాస్టరు గేటు తీసుకుని లోపలికి వెళ్లాడు. బూజు దులుపుతూ నిచ్చెన మీద నుంచి పడ్డాడు యేసన్న. తుంటి విరిగి, చలిపొయ్యి ముందే ప్రాణం పోయింది. వెనక గదిలో కుండ నిండా నీళ్లున్నాయి.

"దయ్యమనుకున్యాం, ఎవురికి తెలుసప్పా" అని అందరూ ఏడ్చారు. నేనూ అదే మాట అన్నాను. ఇన్నేళ్లూ అదే అంటూ వచ్చాను. కానీ దయ్యాన్ని పుట్టించినవాణ్ణి నేను. అది లేదని ఆ అంగడిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మరి ఆ కేక ఎవరిదనుకున్నాను? పిల్లి అనుకున్నానా? గాలి అనుకున్నానా? లేచి రోడ్డు దాటితే చాలు. దాటితే దొరసాని లేదని తేలిపోతుంది, నవ్వు ఆగిపోతుంది. అందుకే లేవలేదు. జీవితంలో ప్రతిదాన్నీ పెంచి చెప్పినవాణ్ణి, దీన్ని ఎంత ప్రయత్నించినా తగ్గించి చెప్పుకోలేకపోతున్నాను.

మీరు క్షమించనక్కర్లేదు. క్షమించవలసింది మీరు కాదు. వింటే చాలు.

అది యేసన్న గొంతు. మొదటి కేకకే గుర్తుపట్టాను.