మేడమీది అడుగులు

వీధిలో అందరూ ఆమెను పెద్దక్క అనే పిలిచేవారు. తల్లి మేడమీద నాట్యం బడి పెట్టేనాటికి ఆమెకింకా పాలపళ్ళు ఊడలేదు. మధ్యగోడ పడగొట్టించి, రెండు గదుల్నీ ఒకటి చేయించింది ఆ తల్లి. "పిల్లలు తిరగడానికి చోటుండాలి గానీ, మనం పడుకోవడానికి ఎంత కావాలేంటి?" అంది. అప్పట్నుంచి తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ కింద వంటింట్లోనే సర్దుకుని పడుకునేవారు.

చెల్లెలికి నాట్యం పుట్టుకతోనే వచ్చింది. పెద్దక్క చెమటోడ్చి నేర్చుకుంది. అందుకే స్టేజి చెల్లెలిదీ, బడి ఈమెదీ అయ్యాయి. ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని బుజ్జగించడం, మొండికేసినవాళ్ళని దారిలో పెట్టడం, ఒకే అడుగు అలుపు లేకుండా వేసి చూపించడం ఈమె పని. ఏళ్ళ తరబడి నేలని కొట్టీ కొట్టీ ఎడమ మోకాలు అరిగిపోయింది.

తల్లి పక్షవాతంతో మంచం పట్టిన ఏడాదే చెల్లెలు బస్టాండు వెనక హాలు తీసుకుంది.

"వేరుపడటం కాదక్కా. ఏసీ లేకపోతే పిల్లల్ని పంపం అంటున్నారు వాళ్ళమ్మలు."

వేసవి దాటేసరికి పిల్లలంతా అటే వెళ్ళిపోయారు. చివరికి మిగిలిన దర్జీ కూతురు కూడా, "మా ఫ్రెండ్సందరూ అక్కడే ఉన్నారు టీచర్" అని తలొంచుకుని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం మంచం మీంచి తల్లి అడిగింది. "ఏమే, ఇవాళ పైన చప్పుడే లేదు?"

"ఇప్పుడే వస్తున్నారమ్మా" అంటూ పెద్దక్క పైకెళ్ళి తలుపేసుకుంది. "ముందు వరస, సర్దుకోండి! ఏయ్ గుండూ, మోకాళ్ళు వంచు!" అని కేకలేస్తూ, ఖాళీ గదిలో ఈ మూలా ఆ మూలా తిరిగి నేల అదిరేలా కాళ్ళు కొట్టింది.

ఇక రోజూ అదే తంతు. మోకాలు వాచిపోయింది. అన్నం కలిపి పెడుతుంటే, "కొత్తగా చేరిన పిల్ల బానే పట్టుకుంటోందే" అనేది తల్లి. పెద్దక్క తలూపేది.

వానాకాలంలో ఒకరోజు కాలు మడతపడి కూలబడింది. మెట్టు మెట్టుకీ కూర్చుంటూ కిందికొచ్చేసరికి తల్లి కళ్ళు తెరిచే ఉంది.

"ఇక చాల్లేవే. ఆ ఈడ్చుకుంటూ పడే కాలు ఎవరిదో నాకు తెలీదా?"

"ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"మొదటిరోజు నుంచీ."

"మరి అనలేదేం?"

తల్లి మొహం గోడవైపు తిప్పుకుంది. "అదీ మానేస్తే పొద్దస్తమానం ఏం చేసుకుంటావే నువ్వు?"

చలికాలం రాకముందే తల్లి పోయింది. పెద్దక్క మనసు చంపుకుని చెల్లెలి హాలుకి వెళ్ళింది.

"చిన్నపిల్లలకి మొదటి అడుగులు నేను నేర్పుతానే."

చెల్లెలు కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. "ఆ కాలితో నీకెందుకక్కా శ్రమ? ఇప్పటి పిల్లలు వీడియో చూసి చకచకా పట్టేస్తున్నారు" అంది, అక్క భుజం నిమురుతూ.

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే నాలుగు దులిపేసి వచ్చేసేదే. నీళ్ళు తాగి, గ్లాసు కుర్చీ పక్కన పెట్టి, మెల్లగా బయటికి నడిచింది.

బస్టాండులో బెంచీ మీద కూర్చుంది. ఇంటివైపు పోయే బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. ఇంటికెళ్ళి చేయాల్సిన పని ఏదైనా ఉందేమోనని గుర్తుచేసుకోబోయింది. బట్టలు పొద్దున్నే ఉతికేసింది.