తలుపు దగ్గర ఆగిన ఆట

ఈ రోజు పొద్దుగాల ఒక కంప్యూటర్ ఆట సీడీ పట్టుకొని, దాన్ని కొన్న దుకాణానికి లొల్లి పెట్టుకుందామనే పోయిన. ఆటల హీరో ఆఖరికి ఒక తలుపు దాక వస్తడు, గడియ మీద చెయ్యి పెడ్తడు. అంతే, పేర్లు పడ్తయ్. మా వనపర్తిల దొరికేటియి నకలు సీడీలే కాబట్టి గీతలు పడ్డయనుకున్న. బనీను గుడ్డతోని తుడిచిన, పండ్లు తోముకునే పేస్టు రాసి కడిగిన. మూడుసార్లు ఆడినా అదే తలుపు.

"భాయ్, సీడీ ఖరాబున్నది. ఆట సగంల బందైతుంది," అన్న.

దుకాణం ఖాజాభాయ్ నవ్విండు. "ఖరాబు కాదు తమ్మీ. నీకన్న ముందు నలుగురు గిట్లనే వాపస్ తెచ్చిండ్రు. ఆట చేసినోళ్లే ముక్కలు ముక్కలు చేసి అమ్ముతుండ్రు. మిగిలింది ఆరు నెలలకు వస్తదంట."

"మన ఊరి దాక వస్తదా?"

"గది నాకు తెల్వదు. పరేషాన్ గాకు, ఇది ఇచ్చేసి ఇంకేదన్న పూర్తి ఆట తీస్కపో."

నేను పోయిందే గందుకు. కానీ సీడీ ఇయ్యనీకె చెయ్యి రాలె. నాలుగు రోజుల సంది బువ్వ తింటున్నా, బస్సుల పోతున్నా ఆ తలుపెనక ఎవరున్నరనే ఆలోచిస్తున్న. పూటకొకరిని ఆడ నిలవెడుతున్న. పూర్తి ఆట ఏదీ నన్ను గిట్ల పట్టుకోలె. అట్లని సగం ఆట అమ్మినోళ్ల మీద కోపం పోయిందా అంటే, పోలె.

అదే సీడీ సంచిల వేసుకొని ఇంటికొచ్చిన. ఎందుకు తెచ్చుకున్ననో మీకు ఎరుకైతే చెప్పుండ్రి. తలుపెనక ఎవరున్నరో ఎరుకైతే మాత్రం చెప్పకుండ్రి.