మూడో నంబరు సిస్టమ్‌లో మిగిలిపోయిన పేరు

ఇరవై ఏళ్ళుగా ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. పెద్ద మాటేం కాదు, ఒక్క వాక్యం. ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేసి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఈ మాత్రం ధైర్యం వచ్చిందేమో.

రెండువేల నాలుగు ప్రాంతంలో వినుకొండలో మేం నెట్ సెంటర్ పెట్టాం. ఆరు సిస్టమ్‌లు, మధ్యలో ప్లైవుడ్ చెక్కలు. మా ఆయనది పురుగుమందులు అమ్ముతూ ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని సెంటర్ నేనే చూసుకునేదాన్ని. కౌంటర్లో ఆడమనిషి ఉంటుందని ఆడవాళ్ళు ధైర్యంగా వచ్చేవాళ్ళు. నన్ను 'నెట్ మేడమ్' అనేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, ఆ పిలుపు నాకు భలే నచ్చేది. బీకాం అత్తెసరు మార్కులతో గట్టెక్కినదాన్ని, నన్ను మేడమ్ అని ఇంకెవరు పిలుస్తారు?

మా ఊళ్ళో నెట్‌కి వచ్చేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు టైపు చేసేవాళ్ళు కాదు. కుర్చీలో కూర్చుని, మౌస్ మీద చెయ్యి కూడా వెయ్యకుండా, మీరే కొట్టండి మేడమ్ అనేవాళ్ళు. పాస్‌వర్డ్ నా చెవిలో చెప్పేవాళ్ళు, మర్నాటికి మరిచిపోయేవాళ్ళు. ఈ బాధ పడలేక నేనొక సులువు కనిపెట్టాను. పాస్‌వర్డ్ కొట్టే చోట కింద చిన్న గడి ఉంటుంది, 'ఈ కంప్యూటర్‌లో నన్ను గుర్తుపెట్టుకో' అని. అందరికీ అందులో టిక్కు పెట్టేసేదాన్ని. ఎవరికి అలవాటైన సిస్టమ్ వాళ్ళకుండేది కాబట్టి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంటే సైటు పేరు కొట్టగానే వాళ్ళ పేజీ దానంతటదే తెరుచుకునేది. అదేదో నా ప్రతాపం అనుకుని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

అది తప్పని నాకు తెలియక కాదు. గుంటూరు నుంచి వచ్చి సిస్టమ్‌లు బిగించిన పెద్దాయన మొదటి రోజే ఓపిగ్గా చెప్పాడు. కుకీ అంటే సైటువాడు మన సిస్టమ్‌లో పెట్టి వెళ్ళే చీటీ లాంటిదనీ, రేపు అదే సిస్టమ్‌లోంచి వెళితే ఆ చీటీ చూసి పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానిస్తాడనీ అన్నాడు. సొంత సిస్టమ్‌కి అది సుఖమేనట, పదిమంది కూర్చునే చోట ప్రమాదమట. విండో మూసేసినంత మాత్రాన చీటీ పోదని రెండుసార్లు చెప్పాడు. గడిలో టిక్కు పెట్టొద్దు, లేచేముందు లాగౌట్ నొక్కించు, సెంటర్ మూసేటప్పుడు టూల్స్‌లోకి వెళ్ళి, ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కుకీలు తీసేసే బటన్ నొక్కు అన్నాడు. ఒక వారం చేశాను. నిన్న ఊరికే వచ్చింది, ఇవాళ పాస్‌వర్డ్ అడుగుతోందేంటని కస్టమర్లు సణిగారు. మానేశాను. బద్ధకం అనుకోండి, మంచిపేరు పిచ్చి అనుకోండి. నాకు రెండూ ఉన్నాయి.

నాగమణి ఆ రోజుల్లోనే వచ్చింది. ప్రైవేటు స్కూల్లో టీచరు. ముప్ఫై దాటి ఉండవు. మిరపకాయల లారీలో గుంటూరు వెళుతూ భర్త ప్రమాదంలో పోయాడు. ఏడేళ్ళ కూతురితో అత్తవారింట్లోనే, పొలాల అవతల ఊళ్ళో ఉండేది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తప్పేంటని సుభాషిణి అనే తోటి టీచరు ధైర్యం చెప్పి మా సెంటర్‌కి తీసుకొచ్చింది. వాళ్ళ కులంవాళ్ళకి అప్పట్లో ఉన్నది ఒకటే పెళ్ళిసంబంధాల సైటు. అందులో పేరు చేర్చాం. పాస్‌వర్డ్ కూతురి పేరే. గోడవారగా ఉన్న మూడో నంబరు సిస్టమ్ ఆవిడకి ఇచ్చాను. లేచి వెళ్ళేముందు అడిగింది, నేను వెళ్ళాక ఇందులో ఏమైనా మిగిలి ఉంటుందా మేడమ్ అని. ఏం మిగలదు, మూసేస్తే అంతే అన్నాను. మిగులుతుందని ఒప్పుకుంటే నా మేడమ్‌గిరీ తగ్గిపోతుందనా? తెలిసి కూడా అలా ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నాలుగు నెలలు వచ్చింది. ఒంగోల్లో ఆర్టీసీ డిపోలో పనిచేసే ఒకాయన, భార్య పోయినవాడు, ఆ సైటులోనే ఉత్తరాలు రాసేవాడు. పిల్లని కూడా చూస్తానన్నాడట. ఆవిడ నాతో ఎక్కువ మాట్లాడేది కాదు గానీ, ఆ ఉత్తరాలు చదివిన రోజు వెళ్ళేటప్పుడు నన్ను చూసి నవ్వేది.

ఒక మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. ఇంట్లో చెప్పకుండా తనకు తనే సంబంధం వెతుక్కుందామని వచ్చాడట. అదే సైటు. ఖాళీగా ఉన్నది మూడో నంబరే. సైటు పేరు కొట్టి, ఎవరికో హాల్ టికెట్ ప్రింటు తియ్యాలంటే అటు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తెర మీద నాగమణి ఫొటో ఉంది. కింద ఒంగోలాయన ఉత్తరాలు తెరిచి ఉన్నాయి. అతను చదువుతున్నాడు. అది వేరేవాళ్ళదండీ అంటూ మూసెయ్యబోయాను. మౌస్ వదల్లేదు. "మా వదిన," అన్నాడు. అంతే. చివరిదాకా చదివి, లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆరు సిస్టమ్‌లలోనూ కుకీలన్నీ తీసేశాను. తప్పు దిద్దుకుందామని చేశానా, ఆధారం లేకుండా చేద్దామని చేశానా? దిద్దుకుందామనే అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నా మొహం. దిద్దుకోవాలనుకున్నదాన్ని మర్నాడే ఆవిడ స్కూలుకి వెళ్ళి చెప్పేదాన్ని కదా!

వారం తర్వాత నాగమణి వచ్చింది. కూర్చోలేదు. కౌంటర్ పట్టుకుని నిలబడింది.

"మేడమ్, మా ఇంట్లో తెలిసిపోయింది. ఆయన రాసినవన్నీ మాటకి మాట చెబుతున్నారు. ఎలా తెలిసిందంటే, తెలిసినవాళ్ళు చెప్పారంటున్నాడు మా మరిది. వెళ్తే వెళ్ళు, పిల్లని మాత్రం ఇవ్వం అంటున్నారు."

మరిది తను నెట్ సెంటర్‌కి వచ్చిన సంగతి ఇంట్లో దాచాడన్నమాట. నేను తలొంచుకుని రిజిస్టర్ తిప్పాను.

"ఇక్కడ ఎవరైనా చూడ్డానికి వీలుందా మేడమ్?"

నేనేం చేశానో వినండి. ఆవిడని మూడో నంబరు దగ్గరికి తీసుకెళ్ళి సైటు తెరిచాను. అది పాస్‌వర్డ్ అడిగింది. అడక్కేం చేస్తుంది, చీటీ నేనే తీసేశానుగా!

"చూడండి, అడుగుతోంది కదా. మా దగ్గర ఏమీ ఉండవండీ. మీ పాస్‌వర్డ్ మనిద్దరికీ కాక ఇంకెవరికైనా తెలుసా?"

తెర మీద ఆ ఖాళీ గడిని వేలితో తాకింది.

"సుభాషిణికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు."

"మరింకేం," అన్నాను.

ఆవిడ ముఖం ఎలా పాలిపోయిందో నాకు గుర్తుంది. ఏడవలేదు. ఆవిడ చెప్పగా అక్కడే ఆఖరి ఉత్తరం కొట్టాను. ఒంగోలాయనకి, ఇక రాయవద్దని. ఈసారి గడిలో టిక్కు పెట్టలేదు, లాగౌట్ నొక్కాను, కుకీలు తీసేశాను. గుంటూరు పెద్దాయన చెప్పినవన్నీ వరసగా చేశాను. అన్నీ నాకు వచ్చు. చూశారా?

తర్వాత సుభాషిణి వచ్చింది. నాగమణి తనతో మాట మానేసిందనీ, ఎదురుపడితే మొహం తిప్పుకుంటోందనీ, తను ఏం చేసిందో తనకే అర్థం కావడం లేదనీ నాతో చెప్పుకుంది. మీకేమైనా చెప్పిందా మేడమ్ అని అడిగింది. లేదన్నాను. టీ తెప్పించి ఇచ్చాను. టీ తాగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. మొదటిసారి భయంతో అబద్ధమాడాను అనుకుందాం. రెండోసారి దేనికి? ఆవిడ నన్ను కొట్టేదా, సెంటర్ మూయించేదా? ఆ ఇద్దరూ ఒక చోట కూర్చుని మాట్లాడుకుంటే నా పేరు బయటికి వస్తుంది. వాళ్ళు కలవకుండా ఉండడమే నాకు కావలసి వచ్చింది. ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది నాకు.

సెంటర్ ఎప్పుడో ఎత్తేశాం. నాగమణి కూతురు పెద్దదై తల్లిని అద్దంకి వైపు తీసుకెళ్ళిపోయిందనీ, ఆవిడ మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదనీ విన్నాను. ఇప్పుడు ఏ సైటు తెరిచినా కింద ఒక పట్టీ వస్తుంది, కుకీలు పెట్టుకోమంటారా వద్దంటారా అని. అందరూ సరే అని నొక్కేస్తారు. నేను మాత్రం ఆగి, అంతా చదివి, వద్దని నొక్కుతాను. మా అమ్మాయి నవ్వుతుంది, నీకెందుకమ్మా అంత భయం అని. భయం కాదు. ఆ పట్టీ చూసినప్పుడల్లా, నేను వెళ్ళాక ఏమైనా మిగిలి ఉంటుందా మేడమ్ అని ఆవిడ అడిగింది గుర్తొస్తుంది.

ఆవిడ ఫోన్ నంబరు ఈ మధ్య దొరికింది. చెయ్యలేదు. చేస్తానో లేదో తెలియదు. క్షమించమని అడిగే మొహం లేదు, మీరు అయ్యో పాపం అనాలనీ లేదు. ఆ రోజు చెప్పాల్సిన ఆ ఒక్క వాక్యాన్ని ఒకసారి బయటికి చెప్పాలనిపించింది, అంతే.

నాగమణిగారూ, సుభాషిణిగారు ఎవరికీ ఏమీ చెప్పలేదండీ.