మా తాతయ్య రొయ్యల చెరువు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండీ నిండకుండానే, నాకొక ఉద్యోగం దొరికింది. ఒక రహస్యానికి కాపలా కాయడం. జీతం లేదు, సెలవు లేదు. సెలవంతా మా తాతయ్యదే.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, దివిసీమలో కోడూరు దగ్గర ఒక పల్లెలో పాస్టరు. ముప్పై ఏళ్లుగా అదే గుడి, అదే సంఘం. అక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ అయ్యగారే. బిడ్డ పుట్టినా అయ్యగారు రావాలి, కొత్త ఇంటికి గుమ్మం నిలబెట్టినా అయ్యగారు రావాలి, గేదె మేత ముట్టకపోయినా అయ్యగారొచ్చి ఒక ప్రార్థన చెయ్యాలి. ఈయన వేడి టీ తాగి ఎన్నేళ్లయిందో అని అమ్మమ్మ నవ్వుతూ అనేది. గ్లాసు చేతిలోకి తీసుకోగానే గుమ్మంలో ఎవరో ఒకరు "వందనాలండీ అయ్యగారూ" అంటూ నిలబడేవారు. ఆయన గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయేవాడు. తిరిగొచ్చేసరికి దాని మీద మీగడ కట్టి ఉండేది. ఆ చల్లటి టీయే తాగేవాడు.

ఆ ఏడు వానాకాలం ఆ పల్లెలో విషజ్వరాలు వచ్చాయి. కొందరు పోయారు. వాళ్లలో అమ్మమ్మ కూడా ఉంది. అందరినీ సాగనంపినట్టే తాతయ్య ఆమెనూ తన చేతులతోనే సాగనంపాడు. ఏడవలేదట. మర్నాడు ఇంకో ఇంట్లో పనుంటే వెళ్లిపోయాడట. ఆ తర్వాత ఒక ఆదివారం ప్రసంగం చెయ్యడానికి లేచి నిలబడి, బైబిలు తెరిస్తే, నోట మాట రాలేదు. పుస్తకం మూసి, కిందికి దిగి వెళ్లి జనంతో పాటు చాప మీద కూర్చున్నాడట. సంఘ పెద్దలు మంచివాళ్లు. కోప్పడలేదు. "మూడు నెలలు మీ అమ్మాయి దగ్గర ఉండి రండి, గుడి సంగతి మేం చూసుకుంటాం" అని చెప్పి బస్సెక్కించారు.

అప్పుడు మేం గుడివాడలో, రైల్వే స్టేషను వెనక వీధిలో అద్దెకుండేవాళ్లం. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ఆ వీధిలోకి వచ్చి ఆర్నెల్లే అయింది కాబట్టి మా చుట్టాల గురించి అక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు. తాతయ్య వచ్చిన సాయంత్రం వంటింట్లో అమ్మ నాన్నతో అంటుంటే విన్నాను. "ఇక్కడ కూడా అయ్యగారూ అయ్యగారూ అని మొదలుపెడితే, ఇంక నాన్న మనకు దక్కడండీ." దక్కడం అన్న మాటకు నాకు అప్పటికి తెలిసిన అర్థం ఒక్కటే. అమ్మమ్మ దక్కలేదు. తాతయ్య ఎవరో వీధికి తెలిసిందంటే తాతయ్య కూడా పోతాడు. తొమ్మిదేళ్ల బుర్రకు అది అలాగే ఎక్కింది.

మర్నాడు పొద్దున తాతయ్య తెల్ల జుబ్బాలు మడిచి ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. మా నాన్నది గళ్ల లుంగీ ఒకటి తీసి కట్టుకుని, రంగు చొక్కా వేసుకుని, నన్ను దగ్గరికి పిలిచాడు. "నేనేం చేస్తానో వీధిలో చెప్పకమ్మా. అబద్ధం మాత్రం ఆడొద్దు. ఊరికే చెప్పకు, అంతే" అన్నాడు.

అబద్ధం ఆడకుండా నిజం దాచడం పెద్దవాళ్లకు చేతనవుతుందేమో గానీ నా వల్ల ఒక్క పూట కూడా కాలేదు. మా పక్కింట్లో చేపల పిన్ని ఉండేది. బందరు నుంచి పొద్దుటి బండిలో వచ్చే చేపలు దింపించుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. ఆమె భర్త బందరు దగ్గర తమ పల్లె నుంచి సముద్రం మీదికి వేటకు వెళ్లేవాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. ఆ పిన్ని నన్ను ఆపి, "మీ తాతయ్యది ఏం పని పాపా?" అని అడిగింది. నోరు మూసుకున్నాను. మళ్లీ అడిగింది.

"రొయ్యల చెరువులున్నాయి" అనేశాను.

"ఎక్కడేంటి?"

"కృత్తివెన్నులో. ఎనిమిది ఎకరాలు."

ఆ రోజుల్లో ఎక్కడ విన్నా రొయ్యల చెరువుల కబుర్లే. వరి పొలాలు తవ్వి చెరువులు చేస్తున్న కాలం. అందుకే నా నోటికి అదొచ్చింది. పిన్ని నా మొహంలోకి ఓ క్షణం చూసి, "అబ్బో" అని గంప సర్దుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది.

వీధి మొదట్లో టీ కొట్టు ఉండేది. దాని యజమానిని నేను మావయ్య అనేదాన్ని. తాతయ్య పొద్దునా సాయంత్రం అక్కడికి వెళ్లి బెంచీ మీద కూర్చునేవాడు, కాపలాకి నేనూ వెళ్లేదాన్ని. మావయ్య రేడియోలో ఎప్పుడూ సినిమా పాటలు మోగుతుండేవి. తాతయ్య చేతికి గ్లాసు ఇచ్చేటప్పుడు మాత్రం ఆ పాట సగంలో సన్నబడిపోయేది, కాసేపటికి మళ్లీ పెద్దదయ్యేది. పాడైపోయిన రేడియో అనుకునేదాన్ని. తాతయ్య ఆ టీ పొగలు కక్కుతుండగానే తాగేవాడు. ఎవరూ పిలిచేవారు కాదు. మొదటి నాలుగు రోజులూ గ్లాసు పట్టుకుని వెనక్కి తిరిగి చూసుకునేవాడు, ఎవరో వస్తారని అలవాటు. తర్వాత చూడటం మానేశాడు.

అక్కడే ఆటో నడిపే అతనొకడు కూర్చునేవాడు. నన్ను ఏడిపించడమే అతని పని కాబట్టి అతను నాకు ఆటో బావ అయ్యాడు. ఒకరోజు అందరి ముందూ, "రొయ్యలకు తెగులు తగిలిందంటున్నారు పెద్దాయనా, మీ చెరువు ఎలా ఉందండీ?" అని అడిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తాతయ్య నా వైపు చూశాడు. నేను నా కాలి బొటనవేలి వైపు చూశాను.

"ఆ చెరువు సంగతంతా మా మనవరాలే చూసుకుంటుంది బాబూ" అన్నాడు తాతయ్య.

బెంచీ మొత్తం నవ్వింది. ఇంటికి నడుస్తుంటే, "ఎన్ని ఎకరాలమ్మా?" అని మెల్లగా అడిగాడు. ఎనిమిదన్నాను. "సరే, ఇంక పెంచకు" అన్నాడు. తిట్టలేదు. ఆ తర్వాత ఆటో బావ కనిపించినప్పుడల్లా రొయ్యలు బాగున్నాయా, మేత వేశావా, నీళ్లలో గాలి కొట్టే ఏరియేటరు కొన్నారా అని అడిగేవాడు. పిచ్చిదాన్ని, రాత్రి పడుకునే ముందు రేపేం చెప్పాలో ఆలోచించుకునేదాన్ని.

తాతయ్య మాత్రం రోజురోజుకీ తేలికపడ్డాడు. ఏడింటిదాకా నిద్రపోయేవాడు. కూరగాయల బజారుకి వెళ్లి, బేరం ఆడటం రాక, వంకాయలు అమ్మేవాళ్లు ఎంతంటే అంతకు తెచ్చేవాడు. వీధిలో పిల్లలు పడితే లేపి తల మీద చెయ్యి పెట్టి పంపేవాడు. ఒకసారి ఆటో బావ ఆయన్ని మ్యాట్నీకి తీసుకెళ్లాడు. జన్మలో సినిమా హాలు గడప తొక్కని మనిషి. అమ్మకు చెప్పొద్దన్నాడు కానీ, భోజనాల దగ్గర తనే, "తల్లి జబ్బుతో మంచం మీదుంటే ఆ అబ్బాయి కొండలెక్కి డాన్సు చెయ్యడమేంటే?" అని బయటపడిపోయాడు. అమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అమ్మమ్మ పోయాక ఆ ఇంట్లో అంత నవ్వు అదే మొదలు.

ఒక్కటే లోటు. బైబిలు తెరిచేవాడు, చదివేవాడు, కానీ పైకి ప్రార్థన చేసేవాడు కాదు. మా ఇంట్లో సాయంకాలం ప్రార్థన అమ్మే చేసేది. తాతయ్య తల వంచుకుని కూర్చుని ఆమేన్ మాత్రం అనేవాడు.

మూడో నెల సగంలో ఉండగా సముద్రంలో వాయుగుండం పట్టింది. ఆ కబురు రేడియోలో వచ్చేసరికే పిన్ని భర్త, మరో ముగ్గురు పడవ మీద వెళ్లిపోయి ఉన్నారు. రెండు రోజులైనా పడవ తిరిగి రాలేదు. కబురేదైనా వస్తే వీధి చివర ఎస్టీడీ బూత్‌కే రావాలి. పిన్ని ఆ రోజు గంప ఎత్తలేదు. తన అరుగు మీద కూర్చుని బూత్ వైపే చూస్తోంది. వీధిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. మావయ్య కొట్టు మూసి వచ్చాడు. ఆటో బావ బండి పక్కన పెట్టేశాడు. తాతయ్య పొద్దున్నే వచ్చి ఆమె అరుగు కింది మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మ టీ తెచ్చి ఇస్తే పక్కన పెట్టాడు. మధ్యాహ్నమైనా అక్కడి నుంచి లేవలేదు.

నేను గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తున్నాను. కోడూరులో తాతయ్య ప్రార్థన చేస్తే ఎంత దుఃఖంలో ఉన్నవాళ్ల మొహమైనా కాస్త తెరిపిన పడటం నా కళ్లతో చూశాను. ఇక్కడ అలాంటి మనిషి పక్కనే కూర్చున్నాడని పిన్నికి తెలియదు. తెలియకుండా చేసింది నేనే. చెబితే తాతయ్య దక్కడు. చెప్పకపోతే పిన్నికి బాబాయి దక్కడు. ఎంతసేపు అలా నిలబడ్డానో గుర్తులేదు. పరుగెత్తుకెళ్లి పిన్ని మోకాళ్ల మీద పడ్డాను.

"నేను అబద్ధం చెప్పాను పిన్నీ. తాతయ్యకు చెరువుల్లేవు. తాతయ్య పాస్టరు. ప్రార్థన చేస్తాడు. అడుగు పిన్నీ" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎవరూ ఉలిక్కిపడలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తు. మావయ్య నేల చూపులు చూశాడు. ఆటో బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు. పిన్ని నన్ను దగ్గరికి లాక్కుంది.

"తెలుసమ్మా" అంది. "వచ్చిన రెండో రోజే తెలుసు. టీ గ్లాసు పట్టుకుని కూడా కళ్లు మూసుకునే మనిషికి రొయ్యల చెరువులేంటి? ఏదో కష్టం పడి, అలిసిపోయి వచ్చారని అందరం అనుకున్నాం. ఆయన్నేమీ అడక్కు. పొద్దున్నించి పక్కన కూర్చున్నారుగా, నాకది చాలు."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రేడియో పాడైపోలేదని. తాతయ్య కళ్లు మూసుకున్నంతసేపూ మావయ్య దాన్ని తగ్గించేవాడు, కళ్లు తెరిచాక పెంచేవాడు. రెండు నెలలకు పైగా, రోజుకు రెండుసార్లు. నేను ఒక్కదాన్నే కాపలా కాస్తున్నాననుకున్నాను. వీధి మొత్తం కాస్తోంది.

తాతయ్య అంతా విన్నాడు. మెట్టు మీద నుంచి లేవకుండానే పిన్ని వైపు తిరిగాడు. "మీరు నన్ను అడగలేదమ్మా. నేనే మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక్క మాట చెప్పుకోనా?" అన్నాడు. పిన్ని తల ఊపింది.

తాతయ్య కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, నీళ్ల మీదున్న నలుగురినీ గట్టుకు చేర్చు" అన్నాడు. కోడూరులో అరగంట ప్రార్థన చేసే మనిషి అంతే అన్నాడు. ఆమేన్ అనబోయి ఏడ్చేశాడు. అమ్మమ్మను సాగనంపిన రోజు రాని ఏడుపంతా ఆ మెట్టు మీద వచ్చింది. అమ్మ గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎవరూ ఊరుకోమనలేదు. పిన్నే, అంత బెంగలో ఉండి కూడా, మంచినీళ్లు తెప్పించి ఆయన చేతికిచ్చింది.

పొద్దు వాలకముందే బూత్ ఆయన ఒంటి చెప్పుతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. పడవ నిజాంపట్నం వైపు కొట్టుకుపోయి ఒడ్డెక్కిందట. నలుగురూ క్షేమం. పిన్ని అరుగు మీదే కూలబడి నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. అది ప్రార్థన వల్లా, గంగమ్మ వల్లా, పడవ నడిపినవాళ్ల చేతుల వల్లా అని ఎవరూ తర్కించలేదు. పిన్ని గంగమ్మకు మొక్కు తీర్చుకుంది, తాతయ్యకు మంచి పండుగప్ప చేప తెచ్చి ఇచ్చింది.

నా భయం మాత్రం ఆ రోజుతో తీరలేదు. ఇప్పుడు బయటపడింది కదా, రేపటి నుంచి అయ్యగారూ అని క్యూ కడతారు, తాతయ్య టీ చల్లారిపోతుంది. మర్నాడు పొద్దున ఆయన వెంట కొట్టుకి వెళ్లాను. మావయ్య గ్లాసు అందించాడు. రేడియో సన్నబడింది. తాతయ్య కళ్లు తెరిచాక మళ్లీ పెద్దదైంది. అప్పుడు మావయ్య గరిట తిప్పుతూ, "ఏంటండీ మావయ్యగారూ, రొయ్యల రేటు పడిపోయిందంటగా?" అన్నాడు.

తాతయ్య పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. నా గుండెల మీద నుంచి ఎనిమిది ఎకరాలూ దిగిపోయాయి. అంత హాయి మళ్లీ పబ్లిక్ పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

సెలవు అయిపోయి తాతయ్య తెల్ల జుబ్బా వేసుకుని బయలుదేరిన రోజు వీధి వీధంతా బస్టాండుకి వచ్చింది. ఆఖరిదాకా అందరూ మావయ్యగారూ, పెద్దాయనా అనే పిలిచారు. బస్సు కదులుతుంటే పిన్ని కిటికీలోంచి ఎండు రొయ్యల పొట్లం ఆయన ఒళ్లో పడేసి, "మీ చెరువువే లెండి!" అని అరిచింది. పల్లెకు వెళ్లాక కూడా ఆయన గుమ్మంలోకి జనం వస్తూనే ఉన్నారు. కానీ ఇప్పుడు గ్లాసు కింద పెట్టి లేవడం లేదని, "కూర్చోండి, మీరూ ఒక గుక్క తాగండి, కలిసి వెళ్దాం" అంటున్నాడని అమ్మ చెప్పింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మాకు దక్కాడు.

నేను బందరులో నర్సునయ్యాను. ఇప్పుడు నా కళ్లకు అద్దాలొచ్చాయి. వార్డులో ఎవరో ఒకరు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అటు తిరిగి కళ్లు తుడుచుకుంటూ, నేను చూశానని తెలిసి, "కంట్లో నలక పడిందండీ" అంటారు. "ఫ్యాను కింద దుమ్ము ఎక్కువండీ" అంటాను. వెళ్తూ వెళ్తూ, గోడ మీది టీవీ సౌండు కాస్త తగ్గిస్తాను.