తామర పురుగుతో పంపు మామ పంతం

పంపు మామకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాన్ని పిలిచినవాళ్ళు లేరు. వీపున మందు పంపు తగిలించుకుని ఉల్లి చేలల్లో తిరగడం మీసాలు మొలవకముందే మొదలుపెట్టాడు. ఆ మీసాలు నెరిసే వేళకు వీపు మీది పంపు పోయి, మూడు చక్రాల బండి మీద పెద్ద డ్రమ్ము, మోటారు, పాములా చుట్టలు చుట్టుకుని పడుకునే గొట్టం వచ్చాయి. పేరు మాత్రం అతుక్కుపోయింది. ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా మామా అనే పిలిచేవాళ్ళు.

ఆయన మందు కొడుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. గొట్టం కొసన ఉన్న గన్ను ఎంత నొక్కితే నీరు ఎంత సన్నగా చీలుతుందో ఆ వేళ్ళకు తెలుసు. ఆకుల కొసల మీద మంచు కురిసినట్టు తుంపర పడేది. చాలు తప్పేది కాదు, పడ్డచోట మళ్ళీ పడేది కాదు. రైతు ఇచ్చిన సీసాను చివరి చుక్కదాకా డ్రమ్ములోకి వంచి, ఖాళీ సీసాను కడిగి ఆ నీళ్ళు కూడా అందులోనే పోసేవాడు. ఒకరి మందు చుక్క ఇంకొకరి చేలో పడిందన్న మాట తన మీద ఎప్పుడూ రాకూడదని ఆయన పట్టుదల.

ఆ మాట రానే వచ్చింది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. వాన చినుకు లేదు. గాలి పొడిగా, పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టు వీచేది. ఉల్లి చేలకు తామర పురుగు పట్టింది. నూలు పోగు తుంచి వేస్తే ఎంత ఉంటుందో అంత ఉంటుంది ఆ పురుగు. ఆకును గీకి, ఊరిన రసం పీలుస్తుంది. గీకినచోటల్లా వెండి పూత పూసినట్టు తెల్లటి చారలు పడతాయి. తర్వాత కొసలు ఎండి, ఆకు మెలి తిరిగి వాలిపోతుంది. ఆకు వాలితే ఇక గడ్డ ఊరేదెక్కడ?

పెద్దతోట ఆయన ఆ చుట్టుపక్కల ఎవరికీ లేనంత ఉల్లి వేసేవాడు. మామను పిలిపించి ఒకసారి కొట్టించాడు. పురుగు తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. మోతాదు పెంచి కొట్టించాడు. రెండు మందులు కలిపి కొట్టించాడు. చేను ఇంకా తెల్లబడింది. ఒకనాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర, పదిమందీ నిలబడి ఉండగా, ఆయన మామ ఎదుటికి వచ్చి అడిగాడు.

"ఏమయ్యా, నా మందు ఎవరి చేలో కొడుతున్నావు?"

మామకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేను అలాంటివాణ్ణి కాదండీ. మీ మందు మీ చేలోనే కొట్టాను."

"మరి ఆ పురుగులు చావవేం? నీ మందు తాగి బలిశాయా?"

జనం నవ్వారు. అందులో పగ ఏమీ లేదు, వినడానికి సరదాగా ఉందని నవ్వారంతే. కానీ నవ్విన నోళ్ళు ఊరుకుంటాయా? వారం తిరక్కుండా ఆ మాట ఉల్లి వేసే ప్రతి ఇంటికీ చేరింది. పొద్దున లేస్తే మోగే మామ ఫోను మూగబోయింది. మోటారు బండి ఇంటి ముందు ఎండలో నిలబడిపోయింది.

ఆయన భార్య ఉల్లి గోదాములో గడ్డలు ఏరే పని చేసేది. చేతిలోకి తీసుకోగానే ఏ గడ్డ నిలవ ఉంటుందో, ఏది కుళ్ళుతుందో చెప్పేసే మనిషి. మాటల్లో కూడా అంతే, మెత్తటి చోటు చూసి నొక్కుతుంది. మొగుడు గోడకు ఆనుకుని కూర్చోవడం చూసి చూసి, "మీరు మందు కాజేయలేదని నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోదు కదా. పురుగులు ఎందుకు చావట్లేదో కనిపెట్టండి. అలిగి కూర్చుంటే అవేమీ జాలిపడి చచ్చిపోవు" అంది.

పక్కనే మామ చెల్లెలికి చిన్న ఉల్లి మడి ఉంది. మామ కొత్త సీసా కొన్నాడు. చెల్లెలి చేతనే మూత తీయించాడు, ఆమె చేతనే కొలిపించి డ్రమ్ములో పోయించాడు. ఎప్పటి నేర్పుతోనే కొట్టాడు. మర్నాడు ఇద్దరూ కలిసి మొక్కలు పీకి, ఆకులు విడదీసి చూశారు. ఆకుల మధ్య, మొవ్వులో, లేత పసుపు రంగు పిల్ల పురుగులు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. చెల్లెలు అన్న ముఖం చూసింది. మామ మందు దొంగిలించలేదని తేలింది, నిజమే. కానీ ఇన్నేళ్ళుగా తాను చేస్తున్న పని పని కాదేమోనన్న అనుమానం అంతకన్నా పెద్దదై కూర్చుంది.

మొక్కల్ని సంచిలో మూట కట్టుకుని బస్సెక్కి పంటల పరిశోధన కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ పురుగుల విభాగంలో ఉండే మేడమ్ మామ చెప్పిందంతా ఓపికగా విని, ఒక మొక్కను తెల్ల కాగితం మీద దులిపింది. కాగితం మీద దుమ్ము పడింది. ఆ దుమ్ము నడవడం మొదలుపెట్టింది. ఆమె దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, కుర్చీ జరిపి, చూడమంది.

మామ కన్ను ఆనించాడు. జీవితమంతా తాను పోట్లాడిన శత్రువును ఆయన చూడటం అదే మొదటిసారి. ఈకల్లాంటి సన్నటి రెక్కలు, కొసన మొనదేలిన ఒళ్ళు. చాలాసేపు తల ఎత్తలేదు.

మేడమ్ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తల్లి పురుగు ఆకు కండను చీల్చి లోపల గుడ్డు దాస్తుంది, అక్కడికి మందు చేరదు. పిల్లలు మొవ్వులోకి దూరి ఆకుల సందున బతుకుతాయి. పెరిగాక చాలావరకు నేలలోకి దిగి, తిండీ తిప్పలూ లేకుండా పడుకుని, రెక్కలతో పైకి వస్తాయి. నేలలో ఉన్నప్పుడూ మందు తగలదు. పైగా ఉల్లాకు మీద మైనం లాంటి నునుపు ఉంటుంది, తుంపర నిలవకుండా జారిపోతుంది. వీటిలో దాదాపు అన్నీ ఆడవే, మగ తోడు అక్కర్లేకుండానే పిల్లల్ని పెడతాయి. ఎండ ముదిరే కొద్దీ తరం మీద తరం త్వరత్వరగా వస్తుంది.

"అయితే నేను కొట్టిందంతా ఆకు కొసల మీదేనా మేడమ్?" అన్నాడు మామ.

"కొసల మీద కొట్టారు. అక్కడ ఉన్నవి చచ్చాయి. దాక్కున్నవి బతికాయి, ఆ మందును తట్టుకోగలిగినవీ బతికాయి. మళ్ళీ మళ్ళీ అదే మందు కొట్టారు కాబట్టి ఇప్పుడు చేలో ఉన్నవన్నీ వాటి పిల్లలే. వాటిని తినే పురుగులు మాత్రం మొదటి దెబ్బకే పోయాయి."

పెద్దతోట ఆయన వెటకారంగా అన్న మాట దాదాపు నిజమేనన్నమాట. మందు పోసి పోసి తానే వాటిని రాటుదేల్చాడు. మామకు కోపం రావలసింది, రాలేదు. విచిత్రంగా గుండె తేలికపడింది. కారణం తెలిసింది కదా, ఇక దారి కూడా ఉండి తీరుతుందనిపించింది. ఏం చేయాలో చెప్పమని అడిగి, ఒక్కొక్కటీ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, మేడమ్ ఇచ్చిన చిన్న భూతద్దం జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో అంతా విన్న భార్య మగ తోడు అక్కర్లేదన్న దగ్గర ఆగింది. "ఆ పురుగులకున్న తెలివి నాకు లేకపోయింది చూడండి" అంది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

తర్వాతి పంటకు మామ చెల్లెలి మడినే అడిగాడు. ఆమె ఒప్పుకుంది గానీ, పంట పోతే మీ ఇంటికొచ్చి కూర్చుంటానని ముందే చెప్పింది. దున్నేముందు పాత పంటలో మిగిలిన గడ్డల్నీ గట్ల మీది కలుపునూ ఏరి పారేశారు, పురుగు తలదాచుకునేది అక్కడేనని. మడి చుట్టూ మొక్కజొన్న ముందుగానే చిక్కగా వేశారు, గాలికి కొట్టుకొచ్చే పురుగుకు అడ్డంగా. నాటిన చాళ్ళ మధ్య ఎండుగడ్డి పరిచారు. కాలువ నీళ్ళకు బదులు తుంపర గొట్టాలు బిగించారు, వాన కొట్టినట్టు నీళ్ళు పడితే పురుగు జారిపోతుందని. యూరియా తగ్గించారు. ఆకు మరీ లేతగా, పచ్చగా ఉంటే పురుగుకు విందు భోజనమేనట. జిగురు పూసిన నీలం అట్టలు అక్కడక్కడా కర్రలకు కట్టారు, రెక్కల పురుగు ఎప్పుడొస్తుందో తెలియడానికి.

దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. పంపు మామ ఉల్లికి పరుపు పరిచి, స్నానాలు చేయిస్తున్నాడని టీ కొట్టులో కబుర్లు నడిచాయి. మామ చెవిన పడ్డా పట్టించుకోలేదు. రోజూ పొద్దున్నే మడిలో కూర్చుని, ఒక్కో మూల కొన్ని మొక్కల మొవ్వు విప్పి భూతద్దంతో చూసుకునేవాడు.

అసలు పరీక్ష ఎండలతో వచ్చింది. పక్క చేలన్నీ తెల్లబడటం మొదలైంది. చెల్లెలి మడిలోనూ చారలు కనిపించాయి. ఒకరోజు ఆమె గట్టు మీద నిలబడి, పంపు ఎందుకు ఊరికే పెట్టుకున్నావని నిలదీసింది.

"కొట్టేయ్ అన్నయ్యా. పెద్దతోటలో ఇవాళ కూడా కొడుతున్నారు. నా వల్ల కాదు, చూస్తూ ఊరుకోలేను."

మామ చేతులు కూడా దురద పెడుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా పురుగు కనబడితే గన్ను అందుకున్న చేతులవి. అయినా చెల్లెల్ని పిలిచి కూర్చోబెట్టి, ఒక మొక్క మొవ్వు విప్పి, భూతద్దం ఆమె చేతికిచ్చాడు. సన్నటి కొడవళ్ళలాంటి దవడలున్న పిల్ల పురుగు ఒకటి తామర పురుగును పట్టుకుని పీలుస్తోంది. అల్లిక రెక్కల పురుగు పిల్ల అది. గడ్డి నీడన చేరి పెరిగింది.

"ఇది మనవైపు మనిషి. ఇప్పుడు కొడితే ముందు చచ్చేది ఇదే. మొక్కకు ఇన్ని పురుగులు దాటితేనే కొట్టాలని మేడమ్ ఒక లెక్క చెప్పింది, అది ఇంకా దాటలేదు. దాటిన రోజు నువ్వు వద్దన్నా కొడతాను" అన్నాడు మామ.

చెల్లెలు ఇంకో మొక్క విప్పి చూసింది, ఇంకోటి చూసింది. ఇక ఆ పంటలో భూతద్దం అన్న జేబులో కన్నా ఆమె కొంగు ముడిలోనే ఎక్కువగా ఉండేది.

ఎండ ఇంకా పెరిగి ఒక మూల లెక్క దాటింది. ఆ సాయంత్రం మామ బండి తీశాడు. ఈసారి ఎప్పటి మందు కాదు, మేడమ్ చెప్పిన వేరే రకం మందు. ఆకుకు అంటుకునేలా జిగురు కలిపాడు. సన్నటి తుంపర నాజిల్ తీసేసి ముతక తుంపరది బిగించాడు. నడుము వంచి, గన్ను కిందికి దించి, ఒక్కొక్క మొక్క మెడలోకి, ఆకులు కలిసే చోటుకి, మందు దిగేలా కొట్టాడు. ఇన్నేళ్ళూ కొసల మీద మంచు కురిపించిన చెయ్యి, అలవాటును వదిలించుకుని కొత్త పని నేర్చుకుంటుంటే నడుము విరిగినంత పనైంది. పురుగు ఉన్న మూలలోనే కొట్టి, మిగతా మడిని ముట్టుకోలేదు.

తర్వాత మొవ్వు విప్పితే చచ్చిన పురుగులు ఆకు సందుల్లో రాలి ఉన్నాయి. మిగిలిన వాటి సంగతి కొడవలి దవడల సేన చూసుకుంది. ఆ పంటకు మళ్ళీ బండి తీయాల్సిన అవసరమే రాలేదు.

చుట్టూ చేలు వెలిసిపోయి పడుంటే, మధ్యలో ఆ మడి ఒక్కటే ముదురాకుపచ్చగా నిలబడింది. దూరం నుంచి చూసినవాళ్ళకు ఎవరో పచ్చ దుప్పటి ఆరేసినట్టు కనబడేది. గడ్డలు తవ్విన రోజు చెల్లెలు ఒకదాన్ని ఎత్తి పట్టుకుంటే పిడికిలిలో ఇమడలేదు. గోదాములో వాటిని ఏరిన మామ భార్య, ఏరడానికి ఏముంది, అన్నీ ఒకే బుట్టలోకేగా అని చేతులు దులుపుకుంది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు, మొగుడి పరువు నిలబెట్టిన ఉల్లిని ఏమనాలో తెలియట్లేదని తోటివాళ్ళతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఉల్లి ఘాటు అని బుకాయించింది గానీ ఎవరూ నమ్మలేదు.

పెద్దతోట ఆయన తవ్వకం రోజే మడి దగ్గరికి వచ్చాడు. గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. పరిచిన గడ్డిని కాలితో కదిపాడు, నీలం అట్టను పట్టుకుని చూశాడు. వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే టీ కొట్టుకు వచ్చి, మామ కూర్చున్న బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మందు నువ్వు కాజేశావని ఇక్కడే అన్నాను. తప్పు మాట. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే పంటకు నా తోటలో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వచ్చి చెప్తావా?" అని అడిగాడు.

మామ ఈ రోజు కోసం ఎన్నో మాటలు దాచుకున్నాడు. గట్టివి, కోసుకుపోయేవి. అవన్నీ ఆ క్షణాన ఎటు పోయాయో తెలియదు. లేచి నిలబడ్డాడు. "వస్తాను. కానీ మీ ఒక్కరి తోట సరిపోదండీ. ఒకరి చేలో తరిమితే గాలి పట్టుకుని పక్క చేలోకి పోతుంది. అందరం ఒకేసారి పట్టాలి" అన్నాడు.

అలా ఆ టీ కొట్టు బల్లల మీదే మాట కుదిరింది. మేడమ్ ఒకరోజు వచ్చి అందరికీ సూక్ష్మదర్శినిలో పురుగును చూపించింది. మొక్కజొన్న విత్తనం అందరూ కలిసి తెచ్చుకున్నారు. పాత గడ్డల కుప్పలు ఊరవతలికి తరలించి లోతుగా పూడ్చారు. మామ ఇంటింటికీ తిరిగి పంపులకు నాజిళ్ళు మార్చి బిగించాడు. ఎంత వంగాలో, మెడలోకి ఎలా దించాలో దగ్గరుండి చూపించాడు. నవ్వినవాళ్ళే వరసగా నిలబడి నేర్చుకున్నారు.

మరుసటి ఎండాకాలం ఎండలేమీ తగ్గలేదు. గాలీ అదే పొడిగాలి. అయినా పెద్దతోట గట్టు నుంచి చెల్లెలి మడి దాకా, ఆపైన కాలువ దాకా ఉల్లి పచ్చగానే నిలిచింది. మామ ఫోను మళ్ళీ పొద్దున్నే మోగసాగింది. ఇప్పుడు మందు కొట్టమని పిలిచేవాళ్ళ కన్నా, కొట్టాలా వద్దా వచ్చి చూసి చెప్పమని పిలిచేవాళ్ళే ఎక్కువ. వద్దని చెప్పినందుకు కూడా కూలి ఇచ్చి పంపుతున్నారని ఆయన భార్యకు గొప్ప వింతగా ఉంది. మామ మాత్రం తెల్లవారేసరికి తలగుడ్డ చుట్టుకుని బయల్దేరతాడు. ఏ చేలోనైనా ముందు చాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని, మొదటి మొక్క మొవ్వు విప్పి, ఇవాళ అక్కడ ఎవరు ఎవర్ని తింటున్నారో చూస్తాడు.